న్యూరెంబర్గ్ క్రిస్మస్ అంగడి

మార్గశిర మాసం ప్రవేశించగానే విశాఖపట్నంలోని పూర్ణా మార్కెట్ రూపురేఖలు మారిపోతాయి. పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, చామంతి దండలు అమ్మే కొట్ల ముందు తెల్లవారకముందే జనం గుమిగూడుతారు. పాతపట్టణంలోని బురుజుపేటలో వెలసిన శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారికి ఈ మాసంలోని గురువారాలు ఎంతో ప్రీతికరమైనవని భక్తుల విశ్వాసం. ఆ తల్లి సన్నిధికి పైకప్పు లేదు. భక్తులే తమ చేతులతో పాలు, పసుపునీళ్లు పోసి అర్చించుకోవచ్చు. అర్చనకు కావలసిన సంబారమంతా పూర్ణా మార్కెట్ సమకూరుస్తుంది. అవే రోజుల్లో, ఆ చుట్టుపక్కల వీధుల్లోనే, మరికొన్ని కొట్ల ముందు రంగురంగుల కాగితపు నక్షత్రాలు వేలాడుతుంటాయి. పశువులపాకలో పుట్టిన బాలయేసు బొమ్మలూ, ధనుర్మాసపు ముగ్గురంగులూ ఒకదాని పక్కన ఒకటి కొలువు తీరి ఉంటాయి. పండుగ జరిగేది గుడిలోనో, చర్చిలోనో, ఇంటిలోనో కావచ్చు. అది వస్తున్నదన్న కబురు మాత్రం ముందుగా అంగడికే చేరుతుంది.

ఈ మాట మన ఊరికే పరిమితం కాదని నాకు 2024 డిసెంబరులో తెలిసింది. ఆ నెల మొదటి వారంలో నేను ఒంటరిగా జర్మనీ దేశంలోని న్యూరెంబర్గ్ నగరానికి వెళ్లాను. మా ఇంట్లో వారెవరూ ఆ చలికి సిద్ధపడలేదు. ఆ నగరపు నడిబొడ్డున ప్రతి సంవత్సరమూ జరిగే క్రిస్మస్ అంగడిని చూడడమే నా ప్రయాణ లక్ష్యం. యాభై ఏళ్లు దాటిన తెలుగు అధ్యాపకునికి ఇదేమి కోరిక అని మీకు అనిపించవచ్చు. ప్రబంధాలలోని పురవర్ణనలు పాఠం చెప్పి చెప్పి, ఒక పాతనగరాన్ని దాని అంగడివీధి గుండా చూడాలన్న ఆశ నాకు చిరకాలంగా ఉంది.

మన సాహిత్యంలో అంగడిని చూసినవారు సాధారణంగా ఒంటరివారు కారు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు కబుర్లు చెప్పుకుంటూ ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. ఆయన వెంట పెద్ద పరివారమే నడిచింది. తోడున్నవాడు చూసినది వెంటనే మరొకరితో చెప్పుకుంటాడు. చెప్పుకోగానే చూసిన పని పూర్తయినట్లే ఉంటుంది. ఒంటరివానికి ఆ సౌకర్యం లేదు. అతడు చూసినది అతనిలోనే తిరుగుతూ ఉంటుంది. అందువల్ల అతడు ఎక్కువసేపు నిలబడతాడు, ఎక్కువసార్లు దారి తప్పుతాడు. నా విషయంలో రెండూ జరిగాయి.

ఈ అంగడి స్వరూపం తెలుసుకోవాలంటే ముందు ‘ఆడ్వెంట్’ అనే మాటను తెలుసుకోవాలి. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో కూడిన నిరీక్షణకాలం అది. ఆ మాటకు ‘రాక’ అని అర్థం. 1839లో హాంబుర్గ్ నగరంలో యోహాన్ హిన్‌రిహ్ విహెర్న్ అనే మతాచార్యుడు తాను నడుపుతున్న ఆశ్రమంలోని నిరుపేద పిల్లలకోసం ఒక పాత బండిచక్రం మీద కొవ్వొత్తులు అమర్చాడు. పండుగ ఇంకెన్నాళ్లని పిల్లలు పదేపదే అడుగుతుంటే, రోజుకొకటి వెలిగించి లెక్క చూపించాడట. నేడు జర్మనీలో ప్రతి ఇంటా కనిపించే నాలుగు కొవ్వొత్తుల పచ్చని వలయానికి అదే మూలం. మొదటి ఆదివారం ఒక కొవ్వొత్తి, రెండవ ఆదివారం రెండు, ఇలా వెలుగు పెరుగుతుంది. మన మార్గశిర గురువారాల వలెనే అక్కడి ఆదివారాలు కూడా ఒక వరుస. మొదటి ఆడ్వెంట్ ఆదివారానికి ముందు వచ్చే శుక్రవారం నాటి సాయంత్రం న్యూరెంబర్గ్ అంగడి ప్రారంభమవుతుంది. డిసెంబరు 24 మధ్యాహ్నంతో ముగిసిపోతుంది. పండుగనాడు అక్కడ అంగడి ఉండదు. జనం ఇళ్లలో ఉంటారు.

జర్మన్ భాషలో దీనిని ‘క్రిస్ట్‌కిండ్లెస్‌మార్క్ట్’ అంటారు. ‘క్రీస్తుశిశువు అంగడి’ అని చెప్పుకోవచ్చు. పదహారవ శతాబ్దంలో మార్టిన్ లూథర్ మతసంస్కరణోద్యమం వ్యాపించినప్పుడు, పిల్లలకు సెయింట్ నికోలస్ పేరిట ఇచ్చే కానుకలను క్రీస్తుశిశువు పేరిట క్రిస్మస్‌నాడు ఇచ్చే ఆచారం బలపడింది. న్యూరెంబర్గ్ 1525లోనే ఆ సంస్కరణను స్వీకరించింది. కానుకలిచ్చే ఆచారం ఉన్నచోట కానుకలమ్మే అంగడి వెలుస్తుంది కదా!

ఈ అంగడి ఎంత పాతది అన్న ప్రశ్నకు లభించే సమాధానం నావంటి వారికి చాలా ముచ్చట గొలుపుతుంది. మన దగ్గర ఇటువంటి ప్రశ్న వస్తే శాసనం కోసం వెతుకుతాం. మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకిచ్చిన అభయశాసనం రాతిమీద ఉంది. న్యూరెంబర్గ్ అంగడికి ఆధారం మాత్రం ఒక చిన్న చెక్కపెట్టె. కోడిగుడ్డు ఆకారంలో, పైన పూలబొమ్మలు చిత్రించి ఉన్న ఆ పెట్టెను ఒక యువతి మరొక స్త్రీకి కానుకగా పంపింది. దాని అడుగున సిరాతో ఆమె పేరు, ఆ అంగడి పేరు, 1628 అన్న సంవత్సరం రాసి ఉన్నాయి. ఆ నగరంలోని జర్మనిక్ జాతీయ ప్రదర్శనశాల దానిని భద్రపరచింది. రాజుగారి ముద్ర లేదు, వర్తక సంఘం తీర్మానం లేదు. ఒక స్నేహకానుక అడుగున రాసిన అక్షరాలే చరిత్రకు సాక్ష్యం చెబుతున్నాయి. అంగడి అంతకంటే ప్రాచీనమైనదే అయి ఉంటుందని పండితుల ఊహ.

ప్రయాణపు ఏర్పాట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. జర్మనీకి పర్యాటకునిగా వెళ్లడానికి షెంగెన్ వీసా కావాలి. దానికి కనీసం 30,000 యూరోల వైద్యబీమా తప్పనిసరి. ఆడ్వెంట్ రోజుల్లో, ముఖ్యంగా శని ఆదివారాలలో, బస దొరకడం కష్టం, ధర కూడా ఎక్కువ. కాబట్టి వారం మధ్యలో చేరుకోవడం మేలు. ఫ్రాంక్‌ఫర్ట్ నుండి వేగరైలులో న్యూరెంబర్గ్‌కు దాదాపు రెండు గంటల ప్రయాణం. ఆదివారం నాడు సాధారణ దుకాణాలు మూసి ఉంటాయి. రొట్టె, పాలు శనివారమే కొనిపెట్టుకోవాలి. ఆపద వస్తే పిలవవలసిన సంఖ్య 112. చలిని గురించి ఎంత చెప్పినా, విశాఖవాసులకు అర్థం కాదు. ఇరవై డిగ్రీలకు దిగితే చెవులకు మఫ్లరు చుట్టుకునే ఊరు మనది. అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గర తచ్చాడుతుంటుంది. చలికంటే నన్ను ఎక్కువ కలవరపరచింది చీకటి. సాయంత్రం నాలుగుంపావు దాటేసరికి సూర్యుడు అస్తమిస్తాడు. మర్నాడు ఉదయం ఎనిమిది కావస్తే గాని కనిపించడు. ఈ దీర్ఘమైన రాత్రిని ఎరిగినవారికే ఆ దీపాల అంగడి మీద అంత మక్కువ ఎందుకో బోధపడుతుంది.

నగరం మధ్యలో పెగ్నిట్జ్ అనే చిన్న నది పారుతుంది. ఉత్తరాన గుట్టమీద చక్రవర్తుల కోట. దాని పాదం దగ్గర ‘హవుప్ట్‌మార్క్ట్’, అనగా పెద్దబజారు. అది రాళ్లు పరచిన విశాలమైన చదును. మామూలు రోజుల్లో అక్కడ కూరగాయలు, పండ్లు, పూలు అమ్ముతారు. మన పూర్ణా మార్కెట్ పని ఏదో దాని పని అదే. డిసెంబరులో మాత్రం అక్కడ చెక్కదుకాణాలు వరుసలుగా వెలుస్తాయి. వాటిపైన ఎరుపు, తెలుపు చారల గుడ్డకప్పులు. సుమారు నూట ఎనభై దుకాణాలు ఉంటాయని, ఒక్క సీజనులో ఇరవై లక్షల మంది వస్తారని చెబుతారు. దుకాణాల అలంకరణలో ప్లాస్టిక్ తోరణాలు వాడరాదని, రికార్డు పాటలు హోరెత్తించరాదని నగరపాలకులు కట్టడి చేశారు. పూర్ణా మార్కెట్లో నాలుగు మైకుల మధ్య బేరమాడి పెరిగిన చెవులకు ఆ జనంలోని నెమ్మది మొదట వింతగానే తోచింది.

నేను చేరిన మర్నాడు గురువారం, డిసెంబరు 5. మన పంచాంగం ప్రకారం మార్గశిరంలో తొలి గురువారం. మా ఇంటివారు ఆ ఉదయమే అమ్మవారి దర్శనానికి బురుజుపేట వెళ్లివచ్చినట్లు ఫోనులో చెప్పారు. నేను అదే సమయంలో చేతులు జేబుల్లో దోపుకొని, ఎవరినీ ఎరుగని అంగడిలో ఒక దుకాణం ముందు నిలబడి ఉన్నాను.

ఆ దుకాణం ‘లెబ్‌కూహెన్’ అనే మసాలా రొట్టెలది. చూడడానికి మన గవ్వలూ అరిసెలూ అమ్మే కొట్టు వలె ఉంది. అరచేతి మందంలో గుండ్రని బిళ్లలు, కొన్నింటికి చక్కెర పూత, కొన్నింటికి చాక్లెట్ పూత. దగ్గరకు వెళ్లగానే గుప్పుమన్న వాసన నన్ను ఒక్క క్షణంలో పూర్ణా మార్కెట్ మసాలా దినుసుల కొట్ల మధ్యకు చేర్చింది. దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, జాజికాయ, జాపత్రి, అనాసపువ్వు. మన ఇళ్లలో బిర్యానీకి వేసేవాటిని వారు తేనెతో కలిపి తీపిరొట్టె చేశారు. ‘ఎలీజెన్’ అనే శ్రేష్ఠమైన రకంలో బాదం, వాల్‌నట్ వంటి గింజల పాలు నూటికి ఇరవై అయిదుకు తగ్గరాదు, పిండి పదికి మించరాదు. పిండి చేతికి, పెనానికి అంటుకోకుండా అడుగున పలుచని అప్పడం వంటి బిళ్ల వేస్తారు. చర్చిలో ప్రసాదంగా ఇచ్చే రొట్టెబిళ్లకు అది బంధువు. పూర్వం మఠాలలోని సన్యాసులు కనిపెట్టిన ఉపాయమని అంటారు. 1395 నాటికే ఆ నగరంలో ఈ రొట్టెలు కాల్చేవారి ప్రస్తావన ఉంది. 1643లో వారికి ప్రత్యేకమైన వృత్తిసంఘం ఏర్పడింది. 1996 నుండి ‘న్యూరెంబర్గ్ లెబ్‌కూహెన్’ అనే పేరుకు ఐరోపా చట్టరక్షణ ఉంది. మన తిరుపతి లడ్డూకు, బందరు లడ్డూకు భౌగోళిక గుర్తింపు ఉన్నట్లే అనుకోండి.

సముద్రమే లేని ఆ చలినగరానికి మలబారు మిరియాలు, సింహళపు దాల్చినచెక్క ఎలా చేరాయి? ఊరి చుట్టూ ఉన్న అడవులలో తేనె పుష్కలంగా దొరికేది. మిగిలిన దినుసులు మన సముద్రం మీదుగా అరబ్బుల ఓడలలో ఎర్రసముద్రం చేరి, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవునుండి వెనిస్ నగరానికి వెళ్లేవి. వెనిస్‌లో జర్మన్ వర్తకులకు ప్రత్యేకమైన వసతిగృహం ఉండేది. అక్కడ కొన్న మూటలను వారు ఆల్ప్స్ పర్వతాలు దాటించి న్యూరెంబర్గ్‌కు తెచ్చేవారు. చేతులు మారిన ప్రతిచోటా ధర పెరిగేది. 1492లో మార్టిన్ బెహైమ్ ఇదే నగరంలో ఒక భూగోళాన్ని చేయించాడు. ఇప్పటివరకు నిలిచి ఉన్న భూగోళాలలో అతి ప్రాచీనమైనది అదే. అమెరికా ఖండం దానిమీద లేదు. కొలంబస్ ఇంకా తిరిగి రాలేదు! కాని తూర్పుదేశాల సుగంధద్రవ్యాలు ఎన్నెన్ని చేతులు దాటి తమ దేశానికి వస్తున్నాయో వివరించే రాత దానిమీద ఉంది. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరిన తరువాత, 1505లో బయలుదేరిన పోర్చుగీసు నౌకాదళంలో జర్మన్ వర్తకులు పెట్టుబడి పెట్టారు. అందులో న్యూరెంబర్గ్ కుటుంబాల సొమ్ము కూడా ఉంది. మిరియాలకోసం వచ్చినవారు తరువాత ఏమేమి పట్టుకుపోయారో మన చరిత్ర పాఠాలలో మీరు చదివే ఉన్నారు.

ఇంత విలువైన సరుకులో కల్తీ చేసినవానికి శిక్ష కూడా అంతే కఠినంగా ఉండేది. న్యూరెంబర్గ్‌లో కుంకుమపువ్వును పరీక్షించడానికి ప్రత్యేకాధికారులు ఉండేవారు. 1444లో కల్తీ కుంకుమపువ్వు అమ్మిన ఒక వర్తకుని ఆ సరుకుతో సహా సజీవదహనం చేశారు. కారంలో ఇటుకపొడి కలిపేవారిని తలుచుకొని నవ్వుకున్నాను గాని, శిక్ష తలుచుకొంటే ఆ నవ్వు నిలవలేదు.

అక్కడ బేరం లేదు. రాసిన ధర రాసినట్లే. పూర్ణా మార్కెట్లో “ఏటి మాస్టారూ, మీకాడ ఎక్కువ తీసుకుంటామేటి?” అంటూ మొదలయ్యే మాటలు అర్ధరూపాయి కోసం కాదని మనకు తెలుసు. అవి పలకరింపులు. ఆ పలకరింపు లేకపోవడం ఒంటరివానికి వెలితిగా ఉంటుంది. అయితే అక్కడా కొసరు ఉంది. విరిగిన లెబ్‌కూహెన్ ముక్కలను సంచులలో పోసి చవకగా అమ్ముతారు. నేను ఆ సంచి అడిగినప్పుడు, దుకాణంలోని పెద్దావిడ నవ్వి, విరగని బిళ్ల ఒకటి అదనంగా చేతిలో పెట్టింది. ఆమెకు నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. కొసరు ఏ భాషలోనైనా తెలుస్తుంది.

తినేవాటిలో ఆ ఊరి ప్రసిద్ధి సన్నని సాసేజీలది. వేలెడంతటి మాంసపు కుడుములను నిప్పులమీద కాల్చి, మూడేసి చొప్పున రొట్టెలో పెట్టి ఇస్తారు. శాకాహారులు బెంగపడనక్కరలేదు. తురిమిన బంగాళాదుంపలతో వేసిన అట్లు యాపిల్ గుజ్జుతో దొరుకుతాయి. కాల్చిన చెస్ట్‌నట్ గింజలు, పాకం పట్టిన వేడి బాదంపప్పులు కాగితపు పొట్లాలలో పోసి ఇస్తారు. మసాలాలు వేసి కాచిన వేడి ద్రాక్షసారాయిని ‘గ్లూవైన్’ అంటారు. మద్యం లేని పళ్లరసం కూడా అలాగే కాచి పిల్లలకు ఇస్తారు. నేను దానినే పుచ్చుకున్నాను. కప్పుకు కొంత సొమ్ము ‘ప్ఫాండ్’ అనే పేర ముందే తీసుకుంటారు. కప్పు తిరిగిస్తే సొమ్ము తిరిగిస్తారు. మా చిన్నతనంలో సోడాబుడ్డికి అలాగే బయానా కట్టేవాళ్లం.

బొమ్మల దుకాణాల దగ్గర నా కాళ్లు కదలలేదు. ఎండు రేగుపండు వంటి ప్రూన్ పండ్లతో కాళ్లూ చేతులూ, అత్తిపండుతో మొండెం, వాల్‌నట్‌తో తల చేసి, గుడ్డలు తొడిగిన బుల్లి మనుషులు అక్కడ బారులు తీరి ఉంటారు. పక్కనే పశువులపాక బొమ్మలు. గొర్రెలు, గొల్లలు, ఒంటెలు, ముగ్గురు జ్ఞానులు. సంక్రాంతికి మన ఇళ్లలో బొమ్మలకొలువు పెట్టినట్లు వారు ఏటా ఒకటి రెండు కొని చేర్చుకుంటారు. మన ఏటికొప్పాక లక్కబొమ్మల నునుపు ఆ కొయ్యబొమ్మలకు లేదని నా అభిప్రాయం. ఇది స్వస్థలాభిమానమని మీరంటే కాదనను. బంగారురంగు రేకుతో చేసిన దేవదూత బొమ్మ ఆ అంగడికి గుర్తు. యుద్ధకాలంలో కూతురిని పోగొట్టుకున్న ఒక బొమ్మలపనివాడు ఆమె రూపంలో మొదటిబొమ్మను చేశాడని ఒక కథ చెబుతారు. కథ నిజమో కాదో గాని, చెప్పినవారెవరూ దానిని నవ్వుతూ చెప్పరు.

ఆ సాయంత్రం కోట చూసి దిగివస్తుండగా చలికి నా ఫోను ఆగిపోయింది. దారి చూపే పటం అందులోనే ఉంది. బస చేసిన ఇల్లు జంటగోపురాల చర్చి వెనుక ఉన్నదని గుర్తుపెట్టుకున్నాను. జంటగోపురాలు కనిపించాయి. వెనుకకు వెళితే వీధి అది కాదు. అరగంట తిరిగాను. చివరకు కుక్కతో నడుస్తున్న ఒక వృద్ధుణ్ణి సైగలతో అడిగితే తెలిసింది, ఆ ఊరిలో జంటగోపురాల చర్చిలు రెండు! నదికి ఉత్తరాన సెయింట్ సెబాల్డ్, దక్షిణాన సెయింట్ లోరెంజ్. నేను నది దాటనే లేదు. అతడు మాటలు మాని, నీటివైపు వేలుచూపి, వంతెన దాకా వచ్చి వదిలిపెట్టాడు. పరదేశంలో గోపురాన్ని కాక ఏటిని గుర్తుపెట్టుకోవాలని అప్పటినుండి నాకు పట్టుదల. ఫోనును లోపలిజేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలన్న సంగతి కూడా ఆ రాత్రే నేర్చుకున్నాను.

అంగడికి తూర్పువైపున ‘ఫ్రావున్‌కిర్హె’ అనే మరియమాత చర్చి ఉంది. రోజూ మధ్యాహ్నం పన్నెండుకు దాని గడియారం కింద ఏడుగురు ప్రభువుల బొమ్మలు నాలుగవ చార్లెస్ చక్రవర్తి బొమ్మ చుట్టూ ప్రదక్షిణం చేస్తాయి. పిల్లలు చప్పట్లు కొడతారు. నేనూ కొట్టాను. తరువాత ఆ స్థలచరిత్ర చదివినప్పుడు ఆ చప్పట్లు నాకే ఎబ్బెట్టుగా తోచాయి. ఆ చదును ఒకప్పుడు యూదుల పేట. 1349లో ఆ ఇళ్లను పడగొట్టి బజారు విశాలం చేసుకోవడానికి చక్రవర్తి అనుమతి ఇచ్చాడు. ఆ డిసెంబరు 5న 562 మంది యూదులను చంపారు. వారి ప్రార్థనామందిరం ఉన్నచోట ఈ చర్చి కట్టించారు. నేను గింజల పొట్లం పట్టుకొని అక్కడ నిలబడింది సరిగ్గా అదే తేదీన. మా ఊరిలో గురువారం, ఈ ఊరిలో పండుగ, ఈ నేలలో ఆ తేదీ. మూడింటినీ ఒకే రోజులో ఎలా ఇముడ్చుకోవాలో నాకు తెలియలేదు.

ఇరవయ్యవ శతాబ్దంలో ఆ చదునుకు మరొక చేటుకాలం వచ్చింది. 1933లో అధికారానికి వచ్చిన నాజీలు, అప్పటికి వేరేచోట జరుగుతున్న అంగడిని ఆర్భాటంగా ఇక్కడికి తిరిగి తెచ్చారు. చదునుకు హిట్లర్ పేరు పెట్టారు. యుద్ధం రాగానే అంగడి ఆగిపోయింది. 1945 జనవరి 2 రాత్రి కురిసిన బాంబులకు పాతపట్టణం చాలవరకు నేలమట్టమైంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ రేవుమీద బాంబులు వేసినప్పుడు ఊరు ఖాళీచేసి పోయిన సంగతి మా పెద్దలు చెప్పేవారు. మాకు పడినవి కొద్దిపాటి బాంబులు. అక్కడ ఒక్క రాత్రిలో నగరమే పోయింది. 1948లో శిథిలాల నడుమనే అంగడి మళ్లీ తెరిచారు. నేడు మనం చూసే పాతఇళ్లలో చాలాభాగం తిరిగి కట్టినవే.

అంగడిని ప్రారంభించే ఘట్టం కూడా ఆ చర్చి మేడమీదనే జరుగుతుంది. ‘క్రిస్ట్‌కిండ్’ వేషం ధరించిన యువతి బంగారు కిరీటంతో, పొడవైన బంగారురంగు ఉంగరాల జుట్టుతో ఆ మేడమీద నిలబడి స్వాగతవచనాలు పలుకుతుంది. ఆమెను రెండేళ్లకొకసారి ఆ నగరపు అమ్మాయిలనుండి ఎన్నుకుంటారు. 2019లో బెనిగ్నా మున్షి అనే పదిహేడేళ్ల విద్యార్థిని ఎన్నికైంది. ఆమె తండ్రి భారతదేశంలో జన్మించినవాడు. ఆమె రంగును, రూపును ఆక్షేపిస్తూ ఒక రాజకీయపక్షపు స్థానికశాఖ సామాజిక మాధ్యమంలో రాసింది. దేశం నలుమూలలనుండి జనం ఆమె పక్షాన నిలిచారు. ఆ రాత తొలగించి, క్షమాపణ చెప్పవలసివచ్చింది. ఆ నవంబరు 29 సాయంత్రం ఆమెయే మేడమీద నిలబడి అంగడిని తెరిచింది. ఆ మేడ కింది నేల చరిత్ర తెలిసినవారికి అది చిన్న సంగతి కాదు. తరువాత 2020లోను, 2021లోను కరోనా వ్యాధి వల్ల అంగడి జరగలేదు.

శనివారం నాడు బాదంపొట్లాల దుకాణం దగ్గర తెలుగుమాట వినబడి వెనుదిరిగాను. గాజువాక అబ్బాయి. సమీపంలోని ఎర్లాంగెన్-న్యూరెంబర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. 2023-24 నాటికి జర్మనీలో చదివే భారతీయ విద్యార్థులు 49 వేలు దాటారు. విదేశీ విద్యార్థులలో వారిదే పెద్దసంఖ్య. మీలోనూ కొందరు ఆ దారిన వెళతారు. “మొదటి ఏడాది ఇక్కడికి రాలేకపోయానండీ. అందరూ ఇంటివాళ్లతో నవ్వుకుంటూ ఉంటే, నేనొక్కణ్ణీ వచ్చి ఏం చెయ్యను అనిపించింది. రెండో ఏడు వచ్చాను. ఒక్కడినే వచ్చాను” అన్నాడు. “ఎలా ఉంది?” అని అడిగాను. “మా అమ్మ చిన్నప్పుడు పూర్ణా మార్కెట్‌కి తీసుకెళ్లేది సార్. వాసన అదే” అన్నాడు. ఇద్దరం కాసేపు మాట్లాడకుండా నిలబడి పొట్లం ఖాళీ చేశాం.

అంగడిలోకి వచ్చే వీధుల మొదట బరువైన అడ్డుకట్టలు ఉన్నాయి. 2016 డిసెంబరు 19న బెర్లిన్‌లోని క్రిస్మస్ అంగడి మీదికి ఒక లారీని తోలి పలువురిని చంపినప్పటినుండి జర్మనీ అంతటా ఈ కట్టుదిట్టాలు పెరిగాయి. నేను తిరిగివచ్చిన కొద్దిరోజులకే, 2024 డిసెంబరు 20న, మాగ్డెబుర్గ్ నగరపు అంగడిలో కారుతో అటువంటి ఘోరమే జరిగింది. ఆ అబ్బాయికి వెంటనే ఫోను చేశాను. తాను క్షేమమన్నాడు. మర్నాడు సాయంత్రం మిత్రులతో న్యూరెంబర్గ్ అంగడికి వెళుతున్నానని, వెళ్లకుండా ఉండడం బాగుండదని చెప్పాడు. జాగ్రత్త అనడం తప్ప నేను మరేమీ అనలేకపోయాను.

ఆదివారం రెండవ ఆడ్వెంట్. బస చేసిన ఇంటి యజమానురాలు వలయంలో రెండవ కొవ్వొత్తి వెలిగించి, నన్ను కూడా బల్ల దగ్గర కూర్చోమంది. మర్నాడు బయలుదేరాను.

విశాఖ చేరిన తరువాత వచ్చిన గురువారం తెల్లవారుజామున పూర్ణా మార్కెట్‌కు వెళ్లాను. మేము ఏళ్లతరబడి దినుసులు కొనే కొట్టులో పెద్దాయన కాటా దగ్గర కూర్చుని ఉన్నాడు. పెద్దావిడ కొసరుగా ఇచ్చిన విరగని బిళ్లను కాగితంలో చుట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన తినలేదు. ముందు విరిచి, ముక్కు దగ్గర పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు.

“దాల్చినచెక్క. లవంగం. అనాసపువ్వు. జాజికాయ కొంచెం ఎక్కువ పడింది” అన్నాడు.

అవునన్నాను.

ఆయన మరొకసారి వాసన చూశాడు.

“ధనియాలు కూడా వేశారు మాస్టారూ. మీరు చూసుకోలేదేటి?”

ఇంటికి వచ్చి పెట్టె మీది అచ్చు చదివించి చూశాను. ధనియాలు ఉన్నాయి.